సముద్రపు జిగురు కణాలు, కార్బన్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

వృక్షప్లవకాలు నీటిలోకి వదిలే జిగురు గురించి ఎక్కడ చదివినా, అది కార్బన్‌ను సముద్రగర్భానికి చేరుస్తుందన్న వాక్యం తప్పక కనిపిస్తుంది. ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే. అదే జిగురు కార్బన్‌ను పైనే ఆపేయగలదు కూడా. పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఈ రెండు వైపులూ చూస్తూ జవాబులు ఇస్తున్నాం.

## ఈ జిగురు కణాలు అసలు ఏమిటి?

సముద్రంలో వెలుతురు అందే పై పొరలో కంటికి ఆనని ఏకకణ జీవులు లెక్కలేనన్ని తేలుతుంటాయి. మొక్కల్లాగే ఇవీ సూర్యకాంతితో కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మారుస్తాయి. వీటినే వృక్షప్లవకాలు అంటారు. తయారైన చక్కెర అంతా వాటి ఒంట్లోనే ఉండిపోదు. కొంత భాగం పొడవాటి గొలుసుల రూపంలో, అంటే పాలిశాకరైడ్లుగా, నీటిలోకి వస్తుంది. ఆ గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడి, నీటిని నింపుకుని, మెత్తటి జెల్ తునకలవుతాయి. శాస్త్రవేత్తలు వీటిని ట్రాన్స్‌పరెంట్ ఎక్సోపాలిమర్ పార్టికల్స్ అనీ, క్లుప్తంగా టెప్ అనీ అంటారు. కొన్ని పీచుల్లా, కొన్ని పల్చటి పొరల్లా, మరికొన్ని ఆకారం చెప్పలేని ముద్దల్లా ఉంటాయి. పరిమాణం ఒక మైక్రోమీటరు లోపు నుంచి కొన్ని వందల మైక్రోమీటర్ల దాకా ఉంటుంది.

వీటిని మిగతా కణాల నుంచి వేరుచేసే గుణం జిగట. సముద్రపు నీటిలో తేలే రెండు మామూలు రేణువులు ఢీకొన్నా చాలాసార్లు విడిపోతాయి. వాటిలో ఒకటి టెప్ అయితే అతుక్కునే అవకాశం చాలా పెరుగుతుంది.

## అవి పారదర్శకం కదా, ఉన్నాయని ఎలా తెలిసింది?

రంగు వేసి చూస్తే తెలిసింది. ఆల్షియన్ బ్లూ అనే నీలి రంగు ఆమ్ల గుణమున్న పాలిశాకరైడ్లను పట్టుకుంటుంది. సముద్రపు నీటిని చాలా సన్నటి రంధ్రాలున్న ఫిల్టరులో వడగట్టి, ఆ ఫిల్టరు మీద ఈ రంగు వేసి మైక్రోస్కోపులో చూసినప్పుడు, అంతకుముందు ఖాళీగా కనిపించిన చోట నీలి తునకలు కుప్పలుగా బయటపడ్డాయి. ఆలిస్ ఆల్‌డ్రెడ్జ్, ఉటా పాసో, బ్రూస్ లోగాన్ 1993లో ప్రచురించిన పరిశోధనా పత్రంతో ఈ కణాలకు శాస్త్రంలో ఒక స్థానం దొరికింది. అంతవరకు సముద్రపు కార్బన్‌ను కరిగినది, కణరూపంలో ఉన్నది అని రెండు గదుల్లో పెట్టి లెక్కించేవారు. ఆ రెంటి మధ్య అటూ ఇటూ మారే పదార్థం ఇంత ఉందని ఎవరూ గట్టిగా అనుకోలేదు.

ఒక్క ఫిల్టరు మీద వేలాది తునకలను లెక్కపెట్టడం విసుగు పుట్టించే పని. అందుకే పాసో, ఆల్‌డ్రెడ్జ్ 1995లో వర్ణమాపన పద్ధతిని తెచ్చారు. ఫిల్టరుకు అంటుకున్న రంగును ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణం ఎంత చిక్కగా ఉందో కొలుస్తారు. ఫలితాన్ని ఆహారంలో చిక్కదనం కోసం వాడే జాంథన్ గమ్ అనే జిగురుతో పోల్చి చెబుతారు. అందువల్ల టెప్ అంకెలు కార్బన్ గ్రాముల్లో కాకుండా జాంథన్ గమ్ తుల్యాంకాల్లో ఉంటాయి. వాటిని కార్బన్‌గా మార్చే గుణకం ఏ జాతి ప్లవకం వదిలిందన్న దాన్ని బట్టి మారుతుంది. వేర్వేరు పత్రాల్లోని అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

## కష్టపడి తయారుచేసుకున్న చక్కెరను ఎందుకు పారబోసుకుంటాయి?

ఎండ ఉన్నంతసేపూ కిరణజన్య సంయోగక్రియ సాగుతూనే ఉంటుంది. జీవకణం పెరిగి రెండుగా చీలాలంటే మాత్రం చక్కెర చాలదు. ప్రొటీన్లకు నత్రజని, డీఎన్ఏకు ఫాస్ఫరస్ కావాలి. ప్లవకాలు వెల్లువలా విరబూసిన కొద్ది వారాల్లో ఈ పోషకాలు పై పొరలో అడుగంటుతాయి. వెలుతురు ఉంది, కార్బన్ ఉంది, నత్రజని లేదు. అప్పుడు మిగులు కార్బన్ చక్కెర గొలుసులుగా బయటకు పొంగుతుంది. వెల్లువ చివరి దశలోనే జిగురు బాగా పెరగడానికి ప్రధాన కారణం ఇదే.

కారణం ఇదొక్కటే అనుకోనక్కర్లేదు. కొన్ని డయాటమ్‌లు (సిలికా డొప్పలుండే వృక్షప్లవకాలు) గొలుసులు కట్టడానికీ, ఉపరితలాలకు అతుక్కోవడానికీ జిగురు వాడతాయి. ఫియోసిస్టిస్ అనే ప్లవకం తన సమూహం మొత్తాన్ని జిగురు గోళంలో ఉంచుకుంటుంది. వైరస్ సోకి పగిలిన జీవకణాలూ, జంతుప్లవకాలు (నీటిలో తేలే చిన్న జంతువులు) సగం తిని వదిలేసినవీ లోపలి పదార్థాన్ని నీటిలోకి చిమ్ముతాయి. బ్యాక్టీరియా కూడా కొంత జిగురు చేస్తుంది. వెల్లువల సమయంలో పెద్ద వాటా మాత్రం వృక్షప్లవకాలదే.

## కరిగిన చక్కెర కణంగా ఎలా మారుతుంది?

దీనికి ఏ జీవి సాయమూ అక్కర్లేదు. ఈ పాలిశాకరైడ్ల మీద కార్బాక్సిల్, సల్ఫేట్ సమూహాలుంటాయి. వాటికి రుణావేశం ఉంటుంది. సముద్రపు నీటిలో దండిగా దొరికే కాల్షియం అయాన్లకు రెండు ధనావేశాలు. ఒక్కో కాల్షియం అయాన్ రెండు గొలుసుల మధ్య వంతెనలా నిలిచి వాటిని కట్టేస్తుంది. 1998లో చిన్, ఒరెల్యానా, వెర్డుగో నేచర్ పత్రికలో దీన్ని చూపించారు: సూక్ష్మ జీవులన్నిటినీ వడగట్టి తీసేసిన సముద్రపు నీటిలో కూడా కరిగిన సేంద్రియ పదార్థం దానంతట అదే జెల్‌గా కూడుకుంటుంది. కాల్షియంను పట్టేసే రసాయనం కలిపితే ఆ జెల్ మళ్లీ విడిపోతుంది.

అలలు, బుడగలు, నీటి కదలిక ఈ పనిని వేగవంతం చేస్తాయి. బుడగల ఉపరితలం మీద గొలుసులు దగ్గరగా చేరి ముద్దకడతాయి.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు, కానీ కార్బన్ చక్రం దృష్టిలో కీలకమైన మలుపు ఇక్కడే ఉంది. కరిగిన పదార్థం తనంతట తాను మునగదు. నీరు ఎటు పోతే అటు పోతుంది. కణంగా మారిన తర్వాతే దానికి మునిగే అవకాశం వస్తుంది. సముద్రంలో కరిగిన సేంద్రియ కార్బన్ నిల్వ 660 గిగాటన్నుల దాకా ఉంటుందని అంచనా. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. ఈ నిల్వలో చాలా భాగం పాతది, మార్పుకు లొంగనిది. ప్లవకాలు అప్పుడే వదిలిన కొద్ది భాగమే జిగురుగా మారుతుంది. ఆ కొద్ది భాగం ఏటా కొత్తగా పుడుతూ ఉంటుంది కాబట్టి దాన్ని పట్టించుకోక తప్పదు.

## భూమి కార్బన్ లెక్కలో దీని స్థానం ఎక్కడ?

సముద్ర వృక్షప్లవకాలు ఏటా సుమారు 50 గిగాటన్నుల కార్బన్‌ను సేంద్రియ పదార్థంగా మారుస్తాయి. ఇది నేల మీది మొక్కలన్నీ కలిసి చేసే పనికి దాదాపు సమానం. ఇందులో ఎక్కువ భాగం పై పొరలోనే తినబడి, శ్వాసలో తిరిగి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఏటా 5 నుంచి 12 గిగాటన్నుల మధ్య మాత్రమే వెలుతురు పొర దాటి కిందికి పోతుంది. కార్బన్ ఇలా కిందికి దిగే మార్గాన్నే బయొలాజికల్ పంప్ అంటారు. ఇది లేకపోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే సుమారు 200 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో 200) ఎక్కువగా ఉండేదని నమూనా లెక్కలు చెబుతాయి. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ఉన్నది మొత్తం 280 పీపీఎం అని గుర్తుచేసుకుంటే ఈ పంపు బలం అర్థమవుతుంది.

## ఆ పంపులో జిగురు చేసే పని ఏమిటి?

చిన్నవాటిని పెద్దవి చేయడం. ఒంటరి ప్లవకం రోజుకు ఒక మీటరు మునిగితే గొప్ప. ఆ లెక్కన సగటు సముద్రపు లోతు, అంటే సుమారు 3,700 మీటర్లు, దిగడానికి పదేళ్లు పడుతుంది. అంత కాలం దాన్ని ఎవరూ తినకుండా వదలరు. అదే ప్లవకం వందలాది తోటి ప్లవకాలతో కలిసి కొన్ని మిల్లీమీటర్ల ముద్దలో ఇరుక్కుంటే రోజుకు వంద మీటర్లు దిగగలదు. ప్రయాణం నెల పైచిలుకుకు తగ్గుతుంది.

ఇలాంటి ముద్దల్లో అర మిల్లీమీటరు కంటే పెద్దవాటిని సముద్ర మంచు అంటారు. అవి ఏర్పడాలంటే రెండు జరగాలి. ముందు రేణువులు ఢీకొనాలి, తర్వాత అతుక్కోవాలి. ఢీకొనడానికి మూడు దారులున్నాయి: అతి చిన్న రేణువుల గజిబిజి కదలిక, నీటి పొరల వేగంలో తేడా, వేగంగా మునిగేది నెమ్మదిగా మునిగేదాన్ని దారిలో పట్టుకోవడం. రేణువుల సంఖ్య రెట్టింపైతే ఢీకొనడాలు దాదాపు నాలుగింతలవుతాయి. అందుకే ముద్దకట్టడం ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా జరిగిపోతుంది, వెల్లువ మొత్తం కొద్ది రోజుల్లో మాయమవుతుంది.

అతుక్కునే భాగం టెప్‌ది. అది రెండు విధాలుగా పనిచేస్తుంది. తాను జిగట కాబట్టి ఢీకొన్నవాటిని వదలదు. దానికి తోడు, తానూ ఒక రేణువే కాబట్టి ఢీకొనే వాటి సంఖ్యను కూడా పెంచుతుంది. ఈ రెండో సంగతిని చాలా వివరణలు వదిలేస్తాయి. వెల్లువ సమయంలో ఒక మిల్లీలీటరు నీటిలో టెప్ కణాలు వేలల్లో ఉండగలవు.

## అంటే జిగురు పెరిగితే కార్బన్ ఎక్కువగా మునుగుతుందన్నమాటేనా?

అందరూ ఇక్కడే తొందరపడతారు. జవాబు: తప్పనిసరిగా మునుగుతుందని చెప్పలేం.

టెప్ నీటికంటే తేలిక. 2004లో అజెట్సు-స్కాట్, పాసో కొలిచినప్పుడు దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.70 నుంచి 0.84 గ్రాములు వచ్చింది. సముద్రపు నీటి సాంద్రత 1.02 పైన. అంటే దేనికీ అంటుకోని శుద్ధమైన టెప్ పైకి తేలుతుంది. మునగాలంటే బరువైనవాటిని పట్టుకోవాలి: డయాటమ్‌ల సిలికా డొప్పలు, కోకోలిథోఫోర్‌లు అనే వృక్షప్లవకాల కాల్సైట్ (సున్నపు ఖనిజం) పలకలు, గాలి మోసుకొచ్చిన ఎడారి దుమ్ము, నదులు తెచ్చిన మట్టి. కాల్సైట్ సాంద్రత 2.7 దాకా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి సున్నమే ముద్ద దిశను మార్చేస్తుంది. జిగురు ఎక్కువ, బరువు తక్కువ అయిన ముద్ద పై పొరలోనే వేలాడుతుంది, లేదా పైకే వెళ్తుంది. ఈ లోగా బ్యాక్టీరియా దాన్ని తినేస్తే కార్బన్ వచ్చిన చోటికే చేరినట్టు.

ఇంకో అడ్డంకి ఈ మధ్యే బయటపడింది. 2024లో సైన్స్ పత్రికలో రాహుల్ చాజ్వా, మను ప్రకాశ్ బృందం ప్రచురించిన పనిలో, గల్ఫ్ ఆఫ్ మెయిన్ నుంచి తీసిన సముద్ర మంచును ఓడ మీదే ఒక తిరిగే మైక్రోస్కోపులో గమనించారు. చక్రంలా తిరిగే పాత్రలో కణం ఎంతసేపు మునిగినా కెమెరా ముందే ఉంటుంది. అప్పుడు కనిపించిందేమిటంటే, ముద్దల వెనక పారదర్శకమైన జిగురు తోక సాగుతోంది. ఆ తోక గొడుగులా వేగాన్ని తగ్గిస్తుంది. దాని వల్ల పై వంద మీటర్లలో ఆ ముద్దలు గడిపే కాలం రెట్టింపవుతుందని వారి అంచనా. మామూలు ఫొటోల్లో ఈ తోక కనబడదు. అందువల్ల ముద్ద పరిమాణం చూసి వేగాన్ని లెక్కగట్టిన పాత పద్ధతుల్లో దీనికి చోటు లేదు.

కాబట్టి ఫలానా చోట టెప్ ఎక్కువగా ఉంది అన్న ఒక్క వాక్యంతో ఎవరైనా కార్బన్ నిల్వ గురించి తీర్మానం చేస్తే నమ్మకండి. దానితో పాటు ఏ ఖనిజం ఎంత ఉంది, తినేవాళ్లు ఎవరు అన్నవి కూడా అడగాలి.

## కార్బన్, నత్రజని నిష్పత్తి గురించి అంతగా ఎందుకు మాట్లాడతారు?

ప్లవకాల శరీరంలో సగటున ప్రతి 16 నత్రజని పరమాణువులకు 106 కార్బన్ పరమాణువులు ఉంటాయి. దీన్ని రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అంటారు. సముద్రపు కార్బన్‌ను లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్లలో ఎక్కువ భాగం నత్రజని ఎంత ఖర్చయిందో చూసి, ఆ నిష్పత్తితో గుణించి కార్బన్‌ను అంచనా వేస్తాయి. టెప్ ప్రధానంగా చక్కెర. అందులో నత్రజని చాలా తక్కువ. అంటే అందుబాటులో ఉన్న నత్రజని అంతే ఉన్నా, జిగురు రూపంలో అదనంగా కార్బన్ కదలగలదు. మోడళ్ల లెక్కకు అందని కార్బన్ ఇది. అది లోతుకు చేరుతుందా, పై పొరలోనే కరిగిపోతుందా అన్నది మాత్రం పై జవాబులోని షరతుల మీదే ఆధారపడుతుంది.

## బ్యాక్టీరియా ఈ జిగురును తినేయదా?

తింటుంది, కానీ అన్నిటినీ ఒకే వేగంతో తినదు. డయాటమ్‌లు నిల్వ ఉంచుకునే లామినారిన్ అనే చక్కెరను బ్యాక్టీరియా చకచకా జీర్ణం చేసుకుంటుంది. ఫ్యూకోజ్ అనే చక్కెర ఉన్న సల్ఫేట్ పాలిశాకరైడ్ల సంగతి వేరు. వాటి నిర్మాణం చిక్కుముడిలా ఉంటుంది, విడదీయడానికి చాలా రకాల ఎంజైములు కావాలి. ఉత్తర సముద్రంలోని హెల్గోలాండ్ దీవి దగ్గర వసంత వెల్లువను అధ్యయనం చేసిన పరిశోధకులు 2021లో ఇలాంటి చక్కెర వారాల తరబడి కణాల్లో పేరుకుపోవడాన్ని నమోదు చేశారు. జిగురు మొత్తాన్ని ఒకే గాటన కట్టడం ఎందుకు కుదరదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముద్ద మీద స్థిరపడిన బ్యాక్టీరియా దాన్ని కిందికి దిగుతున్నంతసేపూ కరిగిస్తూనే ఉంటుంది. దారిలో జంతుప్లవకాలు కొరికి చిన్న ముక్కలు చేస్తాయి.

## కిందికి వెళ్లిన కార్బన్ ఎంతకాలం ఉంటుంది?

ఎంత లోతుకు వెళ్లిందన్నదే ముఖ్యం. 1987లో జాన్ మార్టిన్ బృందం ఇచ్చిన సూత్రం ప్రకారం, వంద మీటర్ల దగ్గర దిగుతున్న కార్బన్‌లో సుమారు 14 శాతమే వెయ్యి మీటర్లకు చేరుతుంది. ప్రాంతాన్ని బట్టి ఈ వాటా మారుతుంది. రెండు మూడు వందల మీటర్ల దగ్గర కరిగిపోయిన కార్బన్ చాలాచోట్ల కొన్నేళ్లలో లేదా కొన్ని దశాబ్దాల్లో మళ్లీ గాలిని చూస్తుంది. వెయ్యి మీటర్లు దాటితే వందల ఏళ్లు పడుతుంది. అడుగు మట్టిలో శాశ్వతంగా పూడిపోయేది ప్లవకాలు తయారుచేసిన దానిలో ఒక శాతం కూడా ఉండదు.

## సముద్రం వేడెక్కితే, ఆమ్లత పెరిగితే జిగురు ఏమవుతుంది?

నార్వేలోని బెర్గెన్ దగ్గర సముద్రంలోనే పెద్ద సంచులు దించి, వాటిలో కార్బన్ డయాక్సైడ్‌ను పెంచి చేసిన ప్రయోగ ఫలితాలు 2007లో వచ్చాయి. వాయువు పెరిగేకొద్దీ అదే పోషకాలతో ప్లవకాలు ఎక్కువ కార్బన్‌ను వాడుకున్నాయి. వాడుకున్న కార్బన్, నత్రజనుల నిష్పత్తి 6 నుంచి 8కి పెరిగింది. ఆ అదనపు కార్బన్ జిగురుగా మారి మునిగితే వాతావరణానికి మేలే. 2008లో క్సావియే మారీ చేసిన ప్రయోగాలు దీనికి ఎదురు చెప్పాయి. ఆమ్లత పెరిగితే టెప్ జిగట తగ్గి, ముద్దలు తేలికై పైకి వెళ్లవచ్చని ఆయన చూపించారు. దీనికి తోడు, ఆమ్లత వల్ల కాల్సైట్ పలకలు పల్చబడితే ముద్దలకు బరువు కరవవుతుంది. వేడి వల్ల బ్యాక్టీరియా ఆకలి పెరుగుతుంది. పై పొర వేడెక్కి లోతు నీటితో కలవడం తగ్గితే పోషకాల కొరత పెరిగి, ఒక్కో జీవకణం వదిలే జిగురు వాటా ఎక్కువవుతుంది, కానీ మొత్తం ప్లవకాలు తగ్గుతాయి. ఈ ప్రభావాలన్నిటినీ కూడి ప్లస్ అనో మైనస్ అనో ఒకే గుర్తు పెట్టే ధైర్యం నేను చేయను.

## పైకి తేలిన జిగురు ఏమవుతుంది?

సముద్రపు తలం మీద మిల్లీమీటరు కంటే పల్చటి పొరలో చేరుతుంది. అలలు విరిగి బుడగలు పగిలినప్పుడు సూక్ష్మ తుంపరలతో గాలిలోకి ఎగురుతుంది. ఆర్కిటిక్ మేఘాల్లో నీటి బిందువులకు ఇలాంటి జెల్ తునకలు కేంద్రాలవుతున్నాయని 2011లోనూ, తలం మీది సేంద్రియ పదార్థం మేఘాల్లో మంచు స్ఫటికాలకు బీజం వేయగలదని 2015లోనూ పరిశోధనలు వచ్చాయి.

కొన్నిసార్లు జిగురు ఎక్కడికీ పోక అక్కడే కుప్పపడుతుంది. 2021లో టర్కీలోని మర్మరా సముద్రాన్ని నెలల తరబడి చిక్కటి జిగట తెట్టు కప్పేసింది. వలలు పూడుకుపోయాయి, అడుగున ఉన్న పగడాల మీద అది దుప్పటిలా పరుచుకుంది. మురుగు, ఎరువుల ద్వారా వచ్చిన పోషకాలు, వెచ్చని నిలకడైన నీరు అందుకు కారణాలు. ఏడ్రియాటిక్ సముద్రంలో ఇలాంటి తెట్టు 18వ శతాబ్దం నుంచే నమోదై ఉంది.

## చమురు, ప్లాస్టిక్ కూడా దీనికి అంటుకుంటాయా?

అంటుకుంటాయి. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదం తర్వాత చమురు బిందువులు జిగురులో చిక్కుకుని ముద్దలుగా అడుగుకు చేరాయి. మైక్రోప్లాస్టిక్‌ల విషయంలో ప్రభావం రెండు వైపులా ఉంటుంది: తేలే ప్లాస్టిక్ ముద్దతో పాటు మునగవచ్చు, లేదా తేలిక ప్లాస్టిక్ చేరిన ముద్ద నెమ్మదించవచ్చు. ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంట్ల పొరలు మూసుకుపోవడంలోనూ టెప్ పాత్ర ఉంది. వెల్లువ కాలంలో ఆ నిర్వాహకులకు ఇది పెద్ద తలనొప్పి.

## సముద్రంలో ఇనుము చల్లి ఈ పంపును పెంచలేమా?

ప్రయత్నించారు. దక్షిణ మహాసముద్రంలో 2004లో చేసిన ఐఫెక్స్ ప్రయోగంలో ఇనుము వేయగానే డయాటమ్‌లు విరబూశాయి. చివర్లో ముద్దలు కట్టి, వెల్లువలో కనీసం సగం వెయ్యి మీటర్ల కిందికి దిగిందని 2012లో విక్టర్ స్మెటాచెక్ బృందం ప్రకటించింది. 2009లో భారత్, జర్మనీ కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో చేసిన లోహాఫెక్స్‌లో అదే ఇనుము వేరే కథ నడిపింది. ఆ నీటిలో సిలికా కరవు. డయాటమ్‌లు పెరగలేదు, పెరిగిన చిన్న ప్లవకాలను జంతుప్లవకాలు తినేశాయి, లోతుకు దిగిన కార్బన్ అతి స్వల్పం.

జిగురుకు పట్టుకోవడానికి బరువైన డొప్పలు లేని చోట ఎంత ఇనుము చల్లినా ఫలితం అలాగే ఉండే అవకాశం ఎక్కువ. కార్బన్ క్రెడిట్లు అమ్మాలని ఇలాంటి పథకాలతో వచ్చేవారిని మొదట అడగాల్సింది వెల్లువ ఎంత పచ్చగా ఉంటుందని కాదు. వెయ్యి మీటర్ల దగ్గర ఏ పరికరం పెట్టి, ఎన్ని నెలలు కొలుస్తారో అడగాలి.